‘వచ్చేవారం చూద్దాంలే’ అనకుండా పిల్లల టీకాలు వేయించడం ఎలా

మా ఇంట్లో టీకా వద్దన్నవాళ్ళు ఒక్కరూ లేరు. మా అత్తమ్మ వద్దనలేదు, మా అమ్మ వద్దనలేదు, చెన్నైలో పనిచేసే మా ఆయన ఫోన్‌లో అడిగిన ప్రతిసారీ వేయించమనే అన్నాడు. అయినా మా పెద్దవాడికి తట్టు రాకుండా వేసే తొమ్మిది నెలల టీకా 21 వారాలు ఆలస్యంగా పడింది.

వాడు 2018 జనవరి 10న పుట్టాడు. అక్టోబరు 10కి తొమ్మిది నెలలు నిండాయి. ఆ రోజు బుధవారం, అంటే టీకాల రోజు. నేనప్పుడు దసరాకని టెక్కలి వైపున్న పుట్టింట్లో ఉన్నాను. తుఫాను వస్తోందని టీవీలో ఒకటే చెబుతున్నారు, ఈ గాలిలో పిల్లాణ్ని ఎత్తుకుని ఎక్కడికెళ్తావు, వచ్చేవారం చూద్దాంలే అంది అమ్మ. మర్నాడు తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది. కొబ్బరిచెట్లు, జీడితోటలు పడిపోయాయి, రోజుల తరబడి కరెంటు లేదు, తాగడానికి నీళ్ళే కష్టమైపోయాయి. ఆ వారం వాయిదా వేయడంలో తప్పులేదు. తర్వాత గజపతినగరం దగ్గరున్న అత్తారింటికి వచ్చేశాను. వచ్చేసరికి సిరిమానోత్సవం, ఇంటినిండా చుట్టాలు. ఆ తర్వాత వాడికి జలుబు. ఆ తర్వాత వరికోతలు, నూర్పులు. ఆ తర్వాత పెద్దపండగ. ఫిబ్రవరి చివర్లో మా వెనకవీధిలో ఇద్దరు పిల్లలకి అమ్మవారు పోసిందని, అంటే తట్టు వచ్చిందని తెలిసింది. ఆ రోజు కార్డు తీసి వారాలు లెక్కపెడితే నాకు కాళ్ళు వణికాయి. మార్చి 6న వేయించాం. వాడికి ఏమీ కాలేదు, దేవుడి దయ. కానీ ఆ 21 వారాల్లో తుఫానుది ఒక్క వారం. మిగతా ఇరవై మావి.

అందుకే ఇది రాస్తున్నాను. మన వైపు చాలా ఇళ్ళల్లో వేయించాలా వద్దా అన్న గొడవ ఉండదు. ఎవరు తీసుకెళ్ళాలి, ఏ రోజు, కార్డు ఏ ఇంట్లో ఉంది, రాత్రి జ్వరం వస్తే ఎవరు మేలుకోవాలి, ఇవి ఎవరూ మాట్లాడుకోరు. మాట్లాడుకోని ప్రతి విషయం దగ్గరా ఒక వారం పోతుంది.

పురుడు రాకముందే తేల్చుకోవలసినవి

తొలి కాన్పు పుట్టింట్లో, మూడో నెలలోనో ఐదో నెలలోనో అత్తారింటికి రావడం మనకి అలవాటే. టీకాల లెక్కలో ఇది ఎక్కడ దెబ్బకొడుతుందో చూడండి. పుట్టగానే వేసేవి, నెలన్నరవి, రెండున్నర నెలలవి, మూడున్నర నెలలవి ఎక్కువగా పుట్టింటి ఊళ్ళోనే పడతాయి. అక్కడ టీకాలు వేసే నర్సమ్మకి, అంటే ఏఎన్ఎంకి, ఊళ్ళో ఆరోగ్య కార్యకర్త ఆశాకి మీ బిడ్డ పేరు తెలుసు, రాకపోతే ఇంటికొచ్చి పిలుస్తారు. తొమ్మిదో నెలకి మీరు అత్తారింట్లో ఉంటారు. ఇక్కడి రిజిస్టరులో మీ బిడ్డ పేరే ఉండదు. పుట్టింటివాళ్ళు ‘వాళ్ళక్కడ వేయించుకుంటార్లే’ అనుకుంటారు, ఇక్కడివాళ్ళకి బిడ్డ ఉన్నట్టే తెలీదు. ఈ మధ్యలో బిడ్డ ఎవరి లెక్కలోనూ లేకుండా పోతుంది.

దీనికి చేయాల్సింది చాలా చిన్నపని. పుట్టింటి నుంచి బయల్దేరే వారంలో అక్కడి ఏఎన్ఎంకి ఫలానా ఊరు వెళ్ళిపోతున్నామని చెప్పండి. అత్తారింటికొచ్చిన మొదటి వారంలోనే, టీకా ఏదీ లేకపోయినా సరే, కార్డు పట్టుకుని ఇక్కడి ఆశానో అంగన్‌వాడీ టీచర్నో కలిసి పేరు రాయించండి. ఇప్పుడు యూ-విన్ అని ఆన్‌లైన్లో కూడా నమోదు చేస్తున్నారు. అందులో ఏ ఫోన్ నంబరు ఇచ్చారో గుర్తుంచుకోండి. మా పాపకి మా తమ్ముడి నంబరు ఇచ్చి, వాడు సిమ్ మార్చేశాక నానా తిప్పలు పడ్డాం. మీ నంబరో మీ ఆయన నంబరో, ఎప్పటికీ మార్చనిది ఇవ్వండి.

ఇంకొక మాట. ఇంట్లో ఎవరి మాట చెల్లుతుందో వాళ్ళని ముందే కలుపుకోండి. మా ఇంట్లో మా అత్తమ్మ మాటే మాట. ఆవిడకి తెలీకుండా ఏదైనా చేస్తే గొడవ, ఆవిడ చేతికే అప్పగిస్తే మనకన్నా ముందు ఆవిడే లేచి తయారైపోతుంది. పాప పుట్టినప్పుడు నేను చేసింది అదే, కార్డు ఆవిడ పెట్టెలో పెట్టించాను. ఏ బుధవారం వెళ్ళాలో ఆవిడే గుర్తుచేసేది. రెండోసారి ఒక్క టీకా కూడా వారం దాటలేదు.

తేదీలు మీరే రాసుకోండి

ఏ వయసుకి ఏది వేస్తారో తల్లీబిడ్డల కార్డులో ఉంటుంది. కానీ వారాలు చూసి తేదీ లెక్కగట్టే ఓపిక ఆ రోజుల్లో బాలింతకి ఉండదు. పుట్టిన రోజునే క్యాలెండరు పట్టుకుని ఎవరైనా రాసిపెట్టాలి. ఆరు వారాలంటే 42 రోజులు, పది వారాలంటే 70, పద్నాలుగు వారాలంటే 98. మా వాడి లెక్కే చూడండి: జనవరి 10న పుడితే ఫిబ్రవరి 21, మార్చి 21, ఏప్రిల్ 18. వాడు పుట్టింది బుధవారం కాబట్టి మూడూ బుధవారాలే వచ్చాయి. మీకు మధ్యలో ఏ సోమవారమో వస్తే ఆ తర్వాత మొదట వచ్చే టీకాల రోజు రాసుకోండి, ముందు వచ్చేది కాదు.

పుట్టగానే క్షయ రాకుండా బీసీజీ, పోలియో చుక్కలు, ఒకరకం కామెర్లకి హెపటైటిస్ బి. వీటిలో హెపటైటిస్ బి 24 గంటల్లోపే పడాలి. తల్లికి ఆ వైరస్ ఉంటే కాన్పు సమయంలోనే బిడ్డకి అంటుకునే ప్రమాదం ఉంది, అందుకే ఆ తొందర. విజయనగరం ఘోష ఆసుపత్రిలో పురుడు పోసుకున్నా, శ్రీకాకుళం రిమ్స్‌లో అయినా, ప్రైవేటులో అయినా, ‘ఇరవైనాలుగు గంటల సూది వేశారా’ అని నోరు తెరిచి అడగండి. బీసీజీ కూడా ఇంటికి పంపేలోపే వేయించేసుకుంటే మంచిది.

నెలన్నరకి ఐదు జబ్బులకి కలిపిన పెంటా, న్యుమోనియాకి పీసీవీ, పోలియో ఇంజెక్షన్, నోట్లో పోలియో చుక్కలు, విరేచనాలకి రోటా. అంటే మూడు సూదులు, రెండు నోటిమందులు. రెండున్నర నెలలకి ఒక్క సూదే, పెంటా, దాంతోపాటు చుక్కలూ రోటా. మూడున్నర నెలలకి మళ్ళీ మూడు సూదులు. ఇది ముందే తెలిస్తే ‘ఒక్క రోజే మూడు పొడిచేశారు’ అని కంగారుపడక్కర్లేదు. మా పెద్దవాడి కార్డులో పీసీవీ లేనేలేదు, అది దేశమంతటా వచ్చింది 2021లో. తొమ్మిది నెలలకి వేసే పోలియో ఇంజెక్షన్ మూడో డోసు 2023 జనవరి నుంచి మొదలైంది. అందుకని పెద్దబిడ్డ కార్డు చూసి రెండోబిడ్డకి లెక్క కట్టకండి.

తొమ్మిది నెలలు నిండాక తట్టు టీకా, అంటే ఎంఆర్ మొదటి డోసు, పీసీవీ బూస్టరు, పోలియో ఇంజెక్షన్, విటమిన్ ఎ. ఇక్కడ మనవాళ్ళు పొరబడేది ‘తొమ్మిదో నెల’ అన్న మాట దగ్గర. తొమ్మిదో నెల నడుస్తుండగా తీసుకెళ్తే వెనక్కి పంపేస్తారు, ఆ కోపంతో మళ్ళీ వెళ్ళనివాళ్ళని నేను చూశాను. తొమ్మిది నిండాలి. అంతకుముందు తల్లి నుంచి వచ్చిన రక్షణ బిడ్డ ఒంట్లో ఇంకా కాస్త ఉంటుంది, అది టీకాని సరిగ్గా పనిచేయనివ్వదు. నిండాక వేసినా మొదటి డోసు నూటికి 85 మంది పిల్లల్లోనే పట్టుకుంటుంది. మిగతావాళ్ళ కోసమే 16 నుంచి 24 నెలల మధ్య రెండోది. ఆ రెండోదానికి వెళ్ళేవాళ్ళు మరీ తక్కువ, ఎందుకంటే అప్పటికి పిల్లలు నడుస్తూ పరిగెడుతూ ఉంటారు, ఇంకా టీకాలేమిటి అనిపిస్తుంది. దాంతోపాటే కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతాలకి కలిపిన డీపీటీ బూస్టరు, పోలియో చుక్కలు కూడా ఉంటాయి. మెదడువాపు టీకా, అంటే జేఈ, ఆ వ్యాధి ఉన్న జిల్లాల్లోనే ఇస్తారు, మీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో (పీహెచ్‌సీలో) ఉందో లేదో ఏఎన్ఎం చెబుతారు. విటమిన్ ఎ తొమ్మిది నెలలకి మొదలుపెట్టి, రెండోది 16వ నెల దాటాక, ఆపైన ప్రతి ఆరునెలలకీ ఐదేళ్ళ దాకా, మొత్తం తొమ్మిదిసార్లు.

మన భాషలో జబ్బుల పేర్లు తెలిస్తే పెద్దవాళ్ళకి చెప్పడం సులువు. పెంటాలో ఉన్నవి కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం, ఒకరకం కామెర్లు, హిబ్ అనే క్రిమి వల్ల వచ్చే న్యుమోనియా, మెదడుపొరల వాపు. ఎంఆర్ అంటే తట్టు, రుబెల్లా. మా అత్తమ్మకి పెంటా అంటే ఏమీ తెలీదు, కోరింత దగ్గు అంటే మాత్రం ఆవిడ తోడబుట్టినవాడు గుర్తొచ్చి కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

ఆ రోజు

ఉదయాన్నే వెళ్ళండి. బీసీజీ, ఎంఆర్ మందుపొడిలో ద్రావణం కలిపాక నాలుగు గంటల్లో వాడేయాలి, మిగిలితే పారేస్తారు, అందుకని మధ్యాహ్నం ఆలస్యంగా వెళ్తే ఇబ్బంది. ఉభాల (వరినాట్ల) రోజుల్లో, ఉపాధి పని ఉన్నప్పుడు పొద్దున్నే వెళ్ళడం కష్టమే, నాకు తెలుసు. ఆ పని రోజు ఎవరు మానాలో ముందురోజు రాత్రే అనుకోవాలి. తల్లే వెళ్ళాలని రూలేం లేదు, తాతయ్య వెళ్ళినా టీకా వేస్తారు. కాకపోతే పాలు తాగే బిడ్డకి తల్లి దగ్గరుంటే సగం ఏడుపు తగ్గుతుంది. సూది వేసేటప్పుడు రొమ్ము పట్టించుకోవచ్చు, నొప్పి నిజంగానే తక్కువ తెలుస్తుంది. పోలియో చుక్కలకీ రోటాకీ ముందూ వెనకా పాలు ఇవ్వకూడదని కొందరంటారు, అదేం లేదు, ఇవ్వచ్చు.

బట్టలు వదులుగా వేయండి, తొడా జబ్బా తేలిగ్గా దొరకాలి. పెంటా ఎడమ తొడకి, పీసీవీ కుడి తొడకి, బీసీజీ ఎడమ జబ్బకి వేస్తారు. ఇది తెలిస్తే ఇంటికెళ్ళాక ఏ వాపు దేనిదో తెలుస్తుంది.

సీసా మీద ఒక గుండ్రం, దానిలోపల చిన్న చదరం ఉంటుంది. చదరం రంగు చుట్టూ ఉన్న గుండ్రం కన్నా లేతగా ఉన్నంతకాలం మందు వేడికి పాడవలేదని అర్థం. రెండూ ఒకే రంగుకి వచ్చినా, చదరం ముదిరినా వాడరు. తిత్లీ తర్వాత మా అమ్మ వాళ్ళ ఊళ్ళో అందరి భయం అదే, ఇన్నాళ్ళు కరెంటు లేదు కదా, మందులు పాడైపోయి ఉండవా అని. అక్కడి ఏఎన్ఎం సీసా చేతికిచ్చి ఆ చదరం చూపించాకే చాలామంది తల్లులు ఒప్పుకున్నారు. మీరూ చూపించమని అడగండి. మర్యాదగా అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు. సిరంజి కూడా మీ ఎదుటే కొత్త కవరు చింపి తీయాలి, ఒకసారి వాడితే లాక్ అయిపోయే రకమే వాడతారు.

వచ్చేముందు నాలుగు సంగతులు కనుక్కోండి: ఈరోజు ఏమేం వేశారు, ఏ జబ్బుకి, ఇంటి దగ్గర ఏం రావచ్చు, మళ్ళీ ఎప్పుడు. ఈ నాలుగూ చెప్పడం, కార్డు జాగ్రత్త అనడం ఏఎన్ఎం పనిలో భాగమే, రద్దీలో మర్చిపోతే మనం గుర్తుచేయాలి. కార్డులో తేదీ పడిందా లేదా చూసుకుని, ఒక ఫోటో తీసి బిడ్డ నాన్నకి వాట్సాప్‌లో పెట్టేయండి. కార్డు తడిసినా, ఎలకలు కొట్టినా ఆ ఫోటో మిగులుతుంది. తర్వాత అరగంట అక్కడే కూర్చోండి. ఒళ్ళంతా దద్దుర్లు, ఆయాసం లాంటి గట్టి అలర్జీ లక్షల్లో ఏ ఒక్కరికో వస్తుంది, వస్తే మాత్రం చాలావరకు ఆ అరగంటలోనే వస్తుంది, దానికి మందు అక్కడే ఉంటుంది. అందరూ హడావుడిగా ఆటో ఎక్కేసేది సరిగ్గా ఈ అరగంటే.

రాత్రి జ్వరం

చాలా ఇళ్ళల్లో రెండో టీకా ఆగిపోయేది మొదటి టీకా నాటి రాత్రి జ్వరం వల్ల. ‘బాగున్న గుంటకి సూదేయించి జొరం తెచ్చీసినావు’ అని ఇంట్లో ఒక్కరంటే చాలు, బాలింత మళ్ళీ ఆ ఊసే ఎత్తదు. కాబట్టి జ్వరం వస్తుందని ముందే ఇంటిల్లిపాదికీ చెప్పి ఉంచండి. పెంటా వేసిన రోజు సాయంత్రం నుంచి ఒకటి రెండు రోజులు ఒళ్ళు వేడిగా ఉండడం, సూది వేసినచోట వాపు, చిరాకు మామూలే. ఎంఆర్‌కి అలా కాదు, వారం పది రోజుల తర్వాత కొద్దిగా జ్వరం, ఒంటిమీద సన్నగా పొక్కు రావచ్చు, రెండు మూడు రోజుల్లో తగ్గుతుంది. బీసీజీ వేసినచోట కొన్ని వారాలకి చిన్న గడ్డలా లేచి, పుండై, మానిపోయి మచ్చ పడుతుంది. దాన్ని పిండకండి, ఏమీ రాయకండి. మచ్చ పడకపోయినా మళ్ళీ వేయించక్కర్లేదు.

జ్వరానికి పారాసిటమాల్ ఇస్తారు. ఇక్కడ ఒక్క విషయం చాలా జాగ్రత్త. చుక్కల సీసా వేరు, సిరప్ సీసా వేరు. చుక్కల మందు సిరప్ కన్నా చాలా గాఢం. పక్కింటివాళ్ళు ‘మా వాడికి ఇంత పోశాం’ అన్న లెక్క మీ సీసాకి పనికిరాదు. మీ బిడ్డ బరువు ఎంత, ఈ సీసాలోది ఎంత పోయాలి, ఎన్ని గంటలకొకసారి, ఈ మూడూ ఏఎన్ఎంని అడిగి కార్డు వెనకాల పెన్నుతో రాయించుకోండి. బట్టలు పలచగా వేయండి, పాలు మామూలు కన్నా ఎక్కువసార్లు పట్టండి, వాపు దగ్గర చల్లటి తడిగుడ్డ వేయొచ్చు. పసుపూ సున్నం, కాఫీపొడి, ఆముదం రాయకండి, ఆ చోట నలపకండి.

ఇవి కనిపిస్తే మాత్రం తెల్లారేదాకా చూడకండి, 108కి ఫోన్ చేయండి: ఫిట్స్, ఆయాసం, మూడు గంటలు దాటినా ఆగని ఏడుపు, బిడ్డ మెత్తబడిపోయి పాలు తాగకపోవడం, కాళ్ళూ చేతులూ చల్లబడిపోవడం. జ్వరం రెండు రోజులు దాటితే డాక్టరుకి చూపించండి, అది టీకా జ్వరం కాకపోవచ్చు. ఇలాంటివి ఏం జరిగినా ఏఎన్ఎంకి తప్పకుండా చెప్పాలి, తర్వాతి డోసు మార్చాలో ఆపాలో అది చూసే తేలుస్తారు.

ఎప్పుడు ఆగాలి, ఎప్పుడు ఆగకూడదు

జలుబు, దగ్గు, కొద్దిపాటి విరేచనాలు, ఒళ్ళు కాస్త వెచ్చగా ఉండడం, యాంటీబయాటిక్ వాడుతుండడం, బిడ్డ సన్నగా ఉండడం, వీటిలో ఏదీ వాయిదాకి కారణం కాదు. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకి కూడా టీకాలు మామూలుగా పుట్టిన తేదీ నుంచే లెక్క, మరీ తక్కువ బరువైతే డాక్టరు చెబుతారు. నిజానికి బలహీనంగా ఉన్న బిడ్డకే టీకా ఎక్కువ అవసరం. ఆసుపత్రిలో చేర్చాల్సినంత జ్వరం ఉంటే తగ్గేదాకా ఆగాలి. అదే టీకాకి ఇంతకుముందు గట్టి అలర్జీ వచ్చినా, టీకా తర్వాత ఫిట్స్ వచ్చినా, పేగులో పేగు దూరిపోయి ఆపరేషన్ అయినా, రోగనిరోధక శక్తి తక్కువని డాక్టర్లు చెప్పి ఉన్నా ముందే చెప్పాలి. ఆగాలో వద్దో మన ఇంట్లో తేల్చేసుకోవద్దు. బిడ్డని తీసుకెళ్ళి చూపించండి, వాళ్ళు వద్దంటే తిరిగి రండి. జలుబని ఇంట్లోనే ఉండిపోయి మేము మూడు వారాలు పోగొట్టుకున్నాం.

వీధిలో అమ్మవారు పోసినప్పుడు కొత్తగా టీకా వేయిస్తే అమ్మవారికి కోపం వస్తుందనే మాట మన వైపు ఉంది. నేను దాన్ని తేలిగ్గా తీసిపారేయను, పైడితల్లమ్మకి ఏటా మొక్కు తీర్చుకునేదాన్నే. వేపాకు కట్టండి, చలివిడి పెట్టండి. కానీ తట్టు సోకిన ఒక్క బిడ్డ నుంచి రక్షణ లేని పన్నెండు నుంచి పద్దెనిమిది మందికి అంటుకోగలదు, గాలిలోనే పాకుతుంది. వీధిలో ఉన్నప్పుడే మిగతా పిల్లలకి టీకా మరీ అవసరం. తట్టు వచ్చిన బిడ్డని కూడా ఆసుపత్రికి చూపించాలి, రెండు రోజులు వరసగా విటమిన్ ఎ ఇస్తారు, కళ్ళూ ఊపిరితిత్తులూ దెబ్బతినకుండా అది కాపాడుతుంది. తగ్గాక ఆ బిడ్డకీ కార్డులోని ఎంఆర్ వేయించాల్సిందే.

డబ్బు పెట్టి వేయించేవి

విజయనగరంలో, శ్రీకాకుళంలో పిల్లల డాక్టర్ల దగ్గరకెళ్తే ‘నొప్పి లేని టీకా’ అని ఒకటి చెబుతారు. అందులో కోరింత దగ్గు భాగాన్ని వేరేగా శుద్ధి చేస్తారు, అందుకని జ్వరం, వాపు తక్కువ. అది నిజమే. కానీ దాని రక్షణ ప్రభుత్వం వేసే టీకా అంత కాలం నిలవదు. రెండూ పనిచేసేవే. ఖరీదైనదే గట్టిదనుకుని అప్పు చేసేవాళ్ళని చూస్తే నాకు బాధేస్తుంది, ఉచితంగా వేసేది దేనికీ తీసిపోదు.

ప్రభుత్వ కార్డులో లేనివి కొన్ని ఉన్నాయి: టైఫాయిడ్, ఆటలమ్మ, హెపటైటిస్ ఎ, ఫ్లూ, గవదబిళ్ళల భాగం కలిసిన ఎంఎంఆర్. పిల్లల డాక్టర్ల సంఘం వీటినీ సిఫారసు చేస్తుంది. చేతిలో డబ్బు తక్కువైతే నా మట్టుకు ముందు ఉచితమైనవన్నీ ఒక్కటీ పోకుండా పూర్తి చేస్తాను, ఆ తర్వాత టైఫాయిడ్‌కి దాచుకుంటాను, మన నీళ్ళ సంగతి మనకి తెలుసు కదా. మీ డాక్టరు మీ బిడ్డని చూసి వేరే వరస చెబితే అది వినండి.

ఒకటి మాత్రం నా అనుభవంతో చెబుతున్నాను. మా పాపకి రెండున్నర నెలలప్పుడు ఊళ్ళో టీకాల రోజు తప్పిపోయి ఒక ప్రైవేటు క్లినిక్‌లో వేయించాం. వాళ్ళు ఆరు జబ్బులకి కలిపిన టీకా వేసి, తమ రంగుల పుస్తకంలో ఒక పొట్టి పేరు రాసి, ప్రభుత్వ కార్డు ముట్టుకోనుకూడా లేదు. మూడున్నర నెలలకి మా ఏఎన్ఎం ముందు కూర్చుంటే ఆవిడకి అర్థం కాలేదు, నాకు చెప్పడం రాలేదు, మళ్ళీ ఆ క్లినిక్‌కి ఫోన్లు. ఎక్కడ వేయించినా సరే, టీకా పూర్తి పేరు, తేదీ, సీసా మీది స్టిక్కరు తల్లీబిడ్డల కార్డులోనే పడాలి. రోటా లాంటి టీకా ఒక కంపెనీది మొదలుపెడితే వీలైనంతవరకు అదే పూర్తి చేయించండి. ఫ్రిజ్‌కి ఇన్వర్టర్ ఉందా అని కూడా అడగండి, మే నెలలో మన కరెంటు కోతలు తెలిసినవే.

ఫోన్లో వచ్చే భయాలు

ఎక్కువగా తిరిగేది ఎంఎంఆర్ వల్ల ఆటిజం వస్తుందన్నది. ఆ మాట మొదలైంది 1998లో, ఇంగ్లండులో ఆండ్రూ వేక్‌ఫీల్డ్ అనే డాక్టరు పన్నెండు మంది పిల్లల గురించి లాన్సెట్ అనే వైద్య పత్రికలో రాసిన వ్యాసంతో. అందులో నిజాయితీ లేదని తేలి 2010లో పత్రిక దాన్ని వెనక్కి తీసుకుంది, అదే ఏడాది ఆయన డాక్టరు రిజిస్ట్రేషన్ రద్దయింది. తర్వాత డెన్మార్క్‌లో ఆరున్నర లక్షలకు పైగా పిల్లల రికార్డులు చూసి 2019లో ప్రచురించారు, టీకా వేసినవాళ్ళలో ఆటిజం ఎక్కువేమీ లేదు. మాటలు రావడం లేదని, పిలిస్తే పలకడం లేదని మనం గమనించే వయసూ ఎంఎంఆర్ వేసే వయసూ ఒకటే, అందుకే ఒకదానికొకటి ముడిపడినట్టు కనిపిస్తుంది. అలా కనిపిస్తే టీకాని తిడుతూ కూర్చోకుండా బిడ్డని తొందరగా డాక్టరుకి చూపించాలి.

ఇన్ని టీకాలు పసిఒంటికి బరువు కాదా అని మా ఆయన అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. బిడ్డ నేలమీద పాకి ఒక బొమ్మ నోట్లో పెట్టుకుంటే అంతకన్నా ఎక్కువ రకాల క్రిములతో ఒళ్ళు పోరాడుతుంది అన్నారు మా పీహెచ్‌సీ డాక్టరు. ఒకేసారి వేయడం వల్ల టీకా బలం తగ్గదు, మనం మాత్రం మూడుసార్లు ఆటో ఎక్కే పని తప్పుతుంది. పోలియో ఇప్పుడెక్కడుంది అని కూడా అంటారు. మన దేశంలో చివరి కేసు 2011 జనవరిలో, బెంగాల్లోని హౌరాలో. పక్కదేశాల్లో ఇంకా ఉంది, అందుకే ఆదివారం పల్స్ పోలియో చుక్కలు వేసినా కార్డులోని చుక్కలు విడిగా వేయించాల్సిందే.

మీ అత్తగారో ఆడపడుచో భయంతో అడిగితే, వీడియోకి వీడియో పంపి గెలవాలని చూడకండి. బుధవారం ఏఎన్ఎం దగ్గరకి తోడుగా తీసుకెళ్ళి ఆ ప్రశ్న ఆవిణ్ణే అడగనివ్వండి. మా ఇంట్లో పనిచేసింది అదొక్కటే.

ఇప్పటికే ఆలస్యమైపోతే

తిడతారని భయపడి వెళ్ళనివాళ్ళు ఎక్కువమంది. మార్చి 6న నేనూ అలాగే తలొంచుకుని వెళ్ళాను, ఎవరూ తిట్టలేదు. ఎంత ఆలస్యమైనా మొదటి నుంచి మళ్ళీ వేయరు, ఆగినచోటి నుంచే వేస్తారు, డోసుల మధ్య కనీసం నాలుగు వారాలు చూస్తారు. కొన్నిటికి మాత్రం వయసు దాటితే తలుపు మూసుకుంటుంది. బీసీజీ ఏడాదిలోపే, రోటా మొదటి డోసు ఏడాదిలోపే. పెంటా ఒక్కటీ పడకుండా ఏడాది నిండితే దాని బదులు డీపీటీ ఇస్తారు. ఎంఆర్, పోలియో చుక్కలు ఐదేళ్ళ దాకా, డీపీటీ ఏడేళ్ళ దాకా వేస్తారు.

హైదరాబాదుకో చెన్నైకో పనికి వెళ్ళేవాళ్ళు పిల్లల కార్డు ఇంటి దూలం మీద వదిలి వెళ్ళకండి. దేశంలో ఎక్కడైనా సర్కారు ఆసుపత్రిలో ఈ టీకాలు ఉచితమే, ఆ ఊరి రేషన్ కార్డు అక్కర్లేదు. ఇచ్ఛాపురం వైపు పుట్టిల్లు బరంపురంలో ఉన్నవాళ్ళకీ అంతే, ఒడిశాలో వేయించినా అదే జాతీయ పట్టిక, ఇక్కడ చెల్లుతుంది. కార్డు పోతే మొదట వేసిన ఊరి ఏఎన్ఎం రిజిస్టరులో తేదీలుంటాయి, యూ-విన్‌లో నమోదైతే ఫోన్లోనే సర్టిఫికెట్ దొరుకుతుంది. ఎక్కడా ఆధారం లేకపోతే దాచకుండా అదే చెప్పండి, గుర్తున్నది చెప్పండి, బిడ్డ జబ్బమీద బీసీజీ మచ్చ చూపించండి, వాళ్ళు లెక్క వేసి కొత్త కార్డు రాస్తారు.

స్కూల్లో చేరాక ఐదారేళ్ళకి డీపీటీ రెండో బూస్టరు, పదేళ్ళకి, పదహారేళ్ళకి ధనుర్వాతం, కంఠసర్పి రాకుండా టీడీ ఉంటాయి. వీటి కోసం కార్డు పారేయకండి. మా పెద్దవాడిదీ పాపదీ రెండూ అత్తమ్మ పెట్టెలోనే, రేషన్ కార్డు కింద, ఒకే ప్లాస్టిక్ కవర్లో ఉన్నాయి.